సందు పూడ్చిన రోజు

అంకాలమ్మ పనిచేసే ఇంటి నుంచి గంగులమ్మ పనిచేసే ఇంటికి నడిచి వెళ్తే నూట ముప్ఫై అడుగులు. కారులో వెళ్తే తొమ్మిది కిలోమీటర్లు. నమ్మకపోతే అంకాలమ్మ ఇంటి డ్రైవర్ పెంచల్‌ను అడగండి, మీటరు చూసి మరీ చెప్పాడు. ఈ వీధులు ఎవరు గీశారో, ఏ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని గీశారో నాకు తెలియదు. చెత్తసంచి పట్టుకుని ఒక్కసారైనా గేటు దాటి నడిచిన మనిషి మాత్రం గీయలేదు, అది ఒట్టేసి చెప్తాను.

ఊరి పేరు మనకెందుకులెండి. అరబ్బుల దేశంలో అమ్ఘరా పాత ఇనుము గుట్టలు దాటి, జహ్రా పట్నం దాటి, ఇంకా ఇసకలోకి పోతే వస్తుంది. పాత పేటల్లో చోటు చాలక ఎడారిలో స్థలాలు పంచితే, చూస్తుండగానే వేల ఇళ్ళు లేచాయి. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. బ్లాకు బ్లాకుకీ ఒకటే నోరు, అది పెద్ద రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. లోపలి వీధులు తిరిగి తిరిగి ఏదో ఒక గోడ దగ్గర ఆగిపోతాయి. పక్క బ్లాకుకు పోవాలంటే పెద్ద రోడ్డెక్కి, యూటర్న్ దాకా పోయి, వెనక్కి తిరిగి, ఆ బ్లాకు నోరు వెతుక్కోవాలి. బ్లాకుల మధ్య దారి వేస్తామని ఒక బోర్డు పెట్టారు. బోర్డు రంగు వెలిసిపోయింది గానీ దారి రాలేదు.

అంకాలమ్మది రాయచోటి దగ్గర పల్లె. నలభై నాలుగేళ్ళ మనిషి. నోరు కాస్త పెద్దది, మనసు దానికంటే పెద్దది. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో చేస్తోంది. ఇంటామె పేరు నూరా, పనివాళ్ళకు మామా, అంటే అమ్మగారు. నూరా కూతురు దానా పుట్టిన మూడో రోజు నుంచి అంకాలమ్మ చేతుల్లోనే పెరిగింది. ఇప్పుడు ఆరేళ్ళు. తల్లితో అరబ్బీ, బడిలో ఇంగ్లీషు, అంకాలమ్మతో తెలుగు. తెలుగంటే పుస్తకాల తెలుగు కాదు, అచ్చం రాయచోటి తెలుగు.

ముందు పాత పేట సల్వాలో ఉన్నప్పుడు ఈ గోల లేదు. అక్కడ ఒక వీధిలో దూరితే ఇంకో వీధిలో తేలేవాళ్ళు. పెరుగు తెమ్మంటే బకాలా కొట్టుకు అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలను ఇరవై చేసుకునే విద్య అంకాలమ్మకు బాగా తెలుసు. దారిలో గంగులమ్మ కలిసేది. గంగులమ్మది కూడా అటువైపు ఊరే, ఏడెనిమిదేళ్ళు చిన్నది. అంకాలమ్మకు నెలకు రెండుసార్లు ఒంటికణత నొప్పి వస్తుంది, కన్ను పీకేసినంత నొప్పి. మాత్రలకు లొంగదు. గంగులమ్మ బొటనవేళ్ళకు లొంగుతుంది. సల్వాలో ఒక ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని గంగులమ్మ కణతలు నొక్కేది, అంకాలమ్మ కళ్ళు మూసుకుని ‘అబ్బా, అమ్మా’ అనేది. అంతే, ఇద్దరికీ అదే పండగ.

తరువాత నూరా వాళ్ళు ఈ కొత్త ఊరికి మారారు. రెండు నెలలకు గంగులమ్మ వాళ్ళూ ఇక్కడికే మారారు. ఒకే ఊరని ఎగిరి గంతేశారు ఇద్దరూ. తీరా చూస్తే ఆమెది వేరే బ్లాకు, దారి తొమ్మిది కిలోమీటర్లు. నడిచే దారి లేదు, బస్సు లేదు. ఏడు నెలలు ఫోన్లోనే ఏడ్చుకున్నారు. ఒక రోజు అంకాలమ్మ మిద్దె మీద దుప్పట్లు దులుపుతూ ఫోన్ చేసింది.

“మేయ్ గంగా, యాడుండావు?”

“మిద్దె మింద గుడ్డలారేస్తాండానక్కా. ఆ పక్క మిద్దె మింద ఎవురో మహాతల్లి ఎర్ర దుప్పటి దులపతాంది, దుమ్మంతా మా గుడ్డల మిందికే వస్తాంది.”

అంకాలమ్మ చేతిలో ఉన్నది ఎర్ర దుప్పటి. తల ఎత్తి చూసింది. ఖాళీ స్థలం అవతల, కరెంటు గది అవతల, ఒక మిద్దె మీద ఒక మనిషి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఏడు నెలలు! ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టి కేకలేసుకున్నారు, నవ్వారు, ఆపైన ఏడ్చారు. ఇంతకంటే వెర్రిమొహాలు లోకంలో ఉండరని అంకాలమ్మ తరువాత తనే చెప్పుకునేది.

నూరా ఇంటి పక్క స్థలంలో అప్పటికి ఎవరూ ఇల్లు కట్టలేదు. దాన్ని అడ్డంగా దాటి, కరెంటు గది పక్క నుంచి పోతే గంగులమ్మ వీధి. ఆ రోజు నుంచి అదే దారి. పొద్దున చెత్త వేసే వంకతో ఒకసారి, సాయంత్రం దానాను ఆడించే వంకతో ఒకసారి. అవును, పాపను తీసుకునే పోయేది. మామాకు చెప్పలేదు. చెబితే వద్దంటుంది. వద్దన్నాక పోతే తప్పు, చెప్పకుండా పోతే తప్పు కాదని అంకాలమ్మ న్యాయం. అట్లా నాలుగు నెలలు గడిచాయి.

ఇంకో పని కూడా చేసింది. అక్కడ గేట్లన్నీ ఒకేలా ఉంటాయి, మొదటివారం రెండుసార్లు ఎవరిదో గేటు కొట్టి తిట్లు తింది. దాంతో తన పాత పసుపుచీర చింపి, ఒక పేలిక గంగులమ్మ ఇంటి గేటు పక్కనున్న నీళ్ళ పైపుకు కట్టింది. మన పల్లెల్లో గొర్రెలు తోలేవాళ్ళు దారి గుర్తుకు కంపకు గుడ్డ కట్టరూ, అట్లా. గంగులమ్మ ఇంకో పేలిక తీసుకుపోయి, ఆరిళ్ళ అవతల వంట చేసే బషీరా బీ గేటుకు కట్టింది. నెల తిరిగేసరికి నూరా గేటుదీ కలుపుకుని రెండు బ్లాకుల్లో పదకొండు పేలికలయ్యాయి. పేలిక ఉందంటే లోపల మన మనిషి ఉందని. దానాకు ఇదొక ఆట. వీధిలో పసుపు కనబడితే ముందు తనే పరిగెత్తేది.

“పసుపు గుడ్డ యాడుంటే ఆడ మనోళ్ళుండారు పాపా. దప్పికైతే తలుపు కొట్టు, నీళ్ళిస్తారు” అని అంకాలమ్మ నేర్పింది.

జూన్ చివర్లో ఖాళీ స్థలం సొంతదారు పని మొదలుపెట్టాడు. ముందు వెనక గోడ, కరెంటు గది వైపుది. బొక్కల సిమెంటు రాళ్ళు లారీలో దిగాయి. మేస్త్రీ ముత్తన్నది నిజామాబాద్ దిక్కు, యాభై దాటిన మనిషి, మాట తక్కువ. అంకాలమ్మ మొదటిరోజే పోయి బతిమాలింది. ముత్తన్న గోడ మధ్యలో తోపుడుబండి పట్టేంత సందు వదిలి, మిగతాది కట్టుకుంటూ పోయాడు.

“గీ సందు ఆఖరికి పూడుస్త చెల్లె. ఎన్ని దినాలు ఆపగల్గితే అన్ని దినాలు ఆపుత” అన్నాడు.

తొమ్మిది రోజులు ఆపాడు.

ఆ బుధవారం అంకాలమ్మ కణత నొప్పితోనే లేచింది. ఎనిమిదింటికి చెత్త వేయడానికి పోతే దానా వెంట వచ్చింది. ముత్తన్న తాపీ చేత్తో పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

“ఇయ్యాలటితోని అయిపోతది చెల్లె. పదకొండు గొట్టకముందే సందు పూడ్వమని ఫోర్‌మన్ జెప్పిండు. పరంజ గూడ ఇప్పుకపోతడంట.”

ఎండాకాలం పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి కానూను. అందుకే ఆ తొందర. అంకాలమ్మకు ఒక్కసారి పోయి గంగులమ్మను చూసి రావాలని ప్రాణం లాగింది. కానీ తల ఎత్తితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఇంటికి వచ్చి దానాకు పాలు ఇచ్చి, బొమ్మలు ముందు పోసి, తన గదిలో నేల మీద పడుకుంది.

“గంగులమ్మ ఇంక రాదా?” అంది దానా, తల దగ్గర కూర్చుని.

“యాడొస్తాది పాపా, గోడ కట్టేస్తాండారు గదా. ఆయమ్మ చెయ్యి పడింటే ఈ నొప్పి ఎప్పుడో పోయిండేది.”

ఆ మాట అని కళ్ళు మూసుకుంది. పది నిమిషాలనుకుంది.

కళ్ళు తెరిచేసరికి పదకొండూ ఇరవై. బొమ్మలున్నాయి, పాప లేదు. వంటింట్లో లేదు, హాల్లో లేదు, పై గదుల్లో లేదు. గేటు చిన్నతలుపు ఓరగా తెరిచి ఉంది. బయట ఎండ నలభై తొమ్మిది డిగ్రీలు. గేటు ఇనుము ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

నూరా మేడ దిగి వచ్చింది. ఇంటాయన ఊళ్ళో లేడు. విషయం తెలిసేసరికి ఆమె మొహం తెల్లబోయింది.

“ఎక్కడికి పోయి ఉంటుంది? ఎప్పుడూ నీ వెంటే కదా ఉండేది. ఎక్కడికి పోతుంది?”

అంకాలమ్మకు తెలుసు. చిన్నతలుపు చూసిన క్షణంలోనే తెలుసు. చెప్పాలని నోరు తెరిచింది. నాలుగు నెలలు మీ బిడ్డను గోడ సందులోంచి ముక్కూమొహం తెలియని వాళ్ళ ఇంటికి తిప్పానని ఎట్లా చెప్తుంది? చెబితే ఆ సాయంత్రమే విమానం. అయిదు నిమిషాలు చాలు, సందులోంచి పరిగెత్తి చంకనేసుకుని వచ్చేస్తానని లోపల ఎవరో పోరుపెట్టారు.

“తెలీదు మామా” అంది.

ఆ రెండు మాటలూ ఆమె జన్మలో మరిచిపోలేదు. చెప్పొద్దూ, నాకూ ఆమె మీద కోపం వచ్చింది. నూరా కేకవేస్తే పెంచల్ కారు తీశాడు. ఇద్దరూ బ్లాకు లోపలి వీధులన్నీ వెతకడానికి పోయారు. కారు మలుపు తిరగగానే అంకాలమ్మ ఖాళీ స్థలంలోకి పరిగెత్తింది.

సందు లేదు.

సందు ఉన్నచోట గోడ ఉంది. సిమెంటు ఇంకా పచ్చిగా, ముదురు రంగులో. మిగతా గోడ తెల్లగా ఆరిపోయి ఉంటే, మధ్యలో అదొక్కటే తడిమడి. దాని ముందు ఇసకలో చిన్న చెప్పుల అడుగులు. గేటు వైపు నుంచి వచ్చాయి, గోడ దాకా వచ్చాయి. ఆఖరి అడుగు సగం గోడ కింద ఉంది. తిరిగి వచ్చిన అడుగులు లేవు.

అంకాలమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ముత్తన్న మనుషులు నలుగురూ స్థలం మూలన టార్పాలిన్ నీడలో పడుకుని ఉన్నారు.

“అన్నా! మా పాప ఈ పక్కకొచ్చిందా? సందులోంచి పోయిందా?”

ముత్తన్న లేచి కూర్చున్నాడు. “లేదు చెల్లె. మేం జూడలే. పదిన్నరకు నీళ్ళు తాగనీకె జరంత ముందరికి పోయినం. అచ్చి పూడ్చినం.” అంటూ అంటూనే ఇసకలోని అడుగులు చూశాడు.

గంట అవుతోంది అంటే. అంకాలమ్మ ఫోన్ చేసింది. గంగులమ్మ మొదటి రింగుకే ఎత్తింది.

“గంగా, పాప నీ కాడికొచ్చిందా?”

“నేను ఇంట్లో లేనక్కా! తెల్లారే అందరం సల్వాకు వస్తిమి, వాళ్ళ పెద్దామె ఇంటికి. ఇంటికి తాళం. ఏందక్కా, ఏమయింది?”

తాళం. గేటు బయట ఎండలో ఆరేళ్ళ పిల్ల. వెనక్కి వద్దామంటే వచ్చిన దారి లేదు. వీధి వెంబడి వద్దామంటే తొమ్మిది కిలోమీటర్లు. బషీరా బీకి చేద్దామంటే ఆమె ఫోను పగలంతా వాళ్ళ మామా బీరువాలో ఉంటుంది. అంకాలమ్మ గోడను రెండు చేతుల్తో చరిచి “పాపా! దానా!” అని అరిచింది. అవతల ఒక ఏసీ మిషను రొద తప్ప ఏమీ లేదు.

పెంచల్‌కు చేసింది. “తమ్ముడూ, గంగులమ్మ వీధికి పోవాలంటే ఎంతసేపు?”

“ఇరవై నిమిషాలక్కా. పెద్ద రోడ్డు తవ్వినారు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. యాలక్కా?”

కారులో ఫోన్ స్పీకర్ మీద ఉంది. నూరా గొంతు వినబడింది. “ఎవరది? ఏం మాట్లాడుతున్నారు మీరు?”

పెట్టేయొచ్చు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అంకాలమ్మ అరచేతికి పచ్చి సిమెంటు అంటుకుని ఉంది. ఆ చెయ్యి చూసుకుంటూ మొత్తం చెప్పేసింది. వచ్చీరాని అరబ్బీలో, ఊపిరి ఆడకుండా. సందు, గంగులమ్మ, నాలుగు నెలలు, ఇందాక చెప్పిన అబద్ధం. “పాప గోడ అవతల ఉంది మామా. నాకు తెలుసు. అప్పుడే తెలుసు.”

నూరా పెంచల్‌ను వెనక్కి తిప్పమనడం వినబడింది.

రెండు నిమిషాల్లో కారు వచ్చింది. నూరా దిగి గోడ దగ్గరికి నడిచింది. అంకాలమ్మ వైపు చూడలేదు. అడుగుల గుర్తులు చూసింది, గోడ చూసింది. రెండు మనుషుల ఎత్తు. నిచ్చెన లేదు, పరంజా ఫోర్‌మన్ విప్పి తీసుకుపోయాడు.

“పగలగొట్టు” అంది ముత్తన్నతో.

ముత్తన్న కదల్లేదు. గోడ తనది కాదు, స్థలం ఆమెది కాదు. పని ఆపిన వేళలో ఎండలో సుత్తి పట్టుకుని ఏ ఇన్‌స్పెక్టర్ కంటబడినా, ముందు తిట్లు తినేది కంపెనీ, ఆపైన ఇంటికి పోయేది తను. పైగా ఇప్పుడే వరస చూసి, తూకం చూసి పేర్చిన గోడ. నూరా అరుస్తోంది. అంకాలమ్మ అరవలేదు. వంగి ఇసకలో ఆ సగం అడుగు పక్కన చెయ్యి పెట్టింది.

“అన్నా. ఇదేన్నా ఆఖరిది. ఈడి నుంచి పోయింది.”

ముత్తన్న ఆ అడుగు వంక చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి పక్కన పడేశాడు.

“జరుగుండ్రి” అన్నాడు.

సుత్తి తీసుకోలేదు. తాపీతో ఒక పచ్చి అతుకు పొడిచి, ఆ కంతలోంచి గోడ వారన పాప లేదని చూసుకున్నాడు. రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో ఆనించి, తల వంచి, ఒక్క తోపు తోశాడు. మిగతా ముగ్గురూ వచ్చి పక్కన భుజాలు పెట్టారు. పచ్చి గోడ ఒకసారి ఊగి, అవతలికి కూలింది. దుమ్ము లేచింది. నూరా ఆ దుమ్ములోకే దూరింది. చెప్పు ఒకటి రాళ్ళలో చిక్కుకుంటే అక్కడే వదిలేసింది.

కరెంటు గది నీడలో లేదు. గంగులమ్మ గేటు దగ్గర లేదు. గేటుకు తాళం. గేటు ముందు ఒక గులాబీరంగు చెప్పు ఉంది, చిన్నది. నూరా దాన్ని తీసుకుని రొమ్ముకు అదుముకుంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లగా మెరుస్తోంది. పిట్ట లేదు, మనిషి లేదు. ఇరవై గేట్లు, అన్నీ ఒకటే.

“దానా!” అని నూరా ఒక వైపుకు పరిగెత్తింది, మళ్ళీ ఇంకో వైపుకు. ఏ వైపో తెలియక మధ్యలో నిలబడిపోయింది. ఇంటి పక్క వీధే అయినా ఆమె ఎన్నడూ చూడని వీధి అది.

అంకాలమ్మ కదలకుండా నిలబడింది. తల పగిలిపోతోంది. పాపకు దప్పికైంది. గంగులమ్మ లేదు. దారి మూసుకుపోయింది. పాపకు నేనేం నేర్పాను? కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పసుపు కోసం వెతికింది. మొదటి గేటుకు లేదు, రెండోదానికి లేదు. అట్లా చూపు ఆరో గేటు దాకా పోయింది. అక్కడ పైపుకు ఎండకు వెలిసిన పేలిక ఒకటి వేలాడుతోంది.

“మామా, ఆడ!” అని పరిగెత్తింది. నలభై నాలుగేళ్ళ మనిషి, అట్లా పరిగెత్తగలదని ఆమెకే తెలియదు. గేటు బాదితే బషీరా బీ తలుపు తీసింది. ఆమె కొంగంతా తడిసి ఉంది.

“వచ్చినావా తల్లీ! ఎట్లా కబురు చేయల్లో తెలీక చస్తాండా. గేటు కింద నుంచి చిన్న చెయ్యి పెట్టి గీకుతాంది, పిల్లి అనుకుంటి. తలుపు తీస్తే నా కాళ్ళ మింద పడిపాయ.”

వంటింటి నేల మీద దానా పడుకుని ఉంది, ఒంటి నిండా తడిగుడ్డలు. మొహం కందగడ్డలా ఉంది, పెదాలు పగిలాయి. ఒక కాలికే చెప్పు ఉంది. రెండో పాదం బొబ్బలెక్కింది. పక్కన గిన్నెలో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. నూరా నేల మీద కూలబడి బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. అరబ్బీలో ఏవేవో అంది. దానా కళ్ళు తెరిచి, తల్లి భుజం మీదుగా అంకాలమ్మను చూసింది. గొంతు పీలగా వచ్చింది.

“గంగులమ్మ లేదు. తాళమేసుండాది. నీకు తల నొస్తాంది గదా, పిల్చకొస్తామని పోయినా. గోడ కట్టేలోపల.”

బషీరా బీ మొహం అటు తిప్పుకుంది. నూరాకు తెలుగు రాదు.

“ఏమంటోంది?” అంది నూరా. “నా కూతురు ఏమంటోంది?”

అంకాలమ్మ వేలితో తన కణత చూపించింది.

“నాకు తలనొప్పి మామా,” అంది. “తల నొక్కే మనిషిని పిలుచుకు రావడానికి వచ్చిందట.”

నూరా చాలాసేపు అంకాలమ్మ మొహంలోకి చూసింది. పదకొండేళ్ళలో అంత సేపు ఎన్నడూ చూడలేదు. ఆ చూపులో ఏముందో అంకాలమ్మ ఇప్పటికీ చెప్పలేదు. ఏడుపు మాత్రం ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

ఆసుపత్రిలో ఒక రాత్రి సెలైన్ పెట్టి పంపించారు. పాప గండం గడిచింది. నూరా తల్లి సల్వా నుంచి వచ్చి, ఈ మనిషిని రేపే విమానం ఎక్కించమని పెద్ద రభస చేసింది. నూరా పంపలేదు. మూడోరోజు వంటింట్లోకి వచ్చి, గిన్నెల వైపు చూస్తూ చెప్పింది.

“ఇకనుంచి చెత్త వేయడానికి తప్ప గేటు దాటొద్దు. పాపను అసలు బయటికి తీసుకుపోవద్దు. ఖలాస్.”

“సరే మామా” అంది అంకాలమ్మ. ఇంకేం అంటుంది? ఆమెను తప్పుపట్టడానికి ఏముంది? బిడ్డ తల్లి ఆమె. ఆ మధ్యాహ్నం నూరా తనే తమ ఇంటి గేటు దగ్గరికి పోయి, పైపుకున్న పసుపు పేలికను వేళ్ళతో విప్పింది. ముడి బిగుసుకుపోయి ఉంది, చాలాసేపు పట్టింది. విప్పి, పడేయకుండా, మడిచి జేబులో పెట్టుకుని లోపలికి పోయింది.

గోడ మళ్ళీ లేచింది. ఫోర్‌మన్ ముత్తన్నను నానా మాటలూ అన్నాడు, తన ఎదుటే నిలబడి మళ్ళీ కట్టించాడు. మర్నాడు అతన్ని ఇంకో పనికి, ఎక్కడో దూరంగా వేశారు. పోతూ పోతూ గేటు దగ్గర పెంచల్ కనబడితే, “చెల్లెకు చెప్పు, గోడ ఒకపారి మంచిగ జూడుమను” అని పోయాడు.

నాలుగో పొద్దు అంకాలమ్మ చెత్తసంచి పట్టుకుని బయటికి వచ్చింది. డబ్బాలో వేసింది. చుట్టూ చూసి గోడ దగ్గరికి పోయింది. కొత్త సిమెంటు ఆరి తెల్లబడింది. సందు ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు. కిందినుంచి పైకి వరస వరసా చూసుకుంటూ వచ్చింది. ఛాతీ ఎత్తులో ఒక రాయి మిగతా వాటిలా లేదు. బొక్కల రాళ్ళను బొక్కలు కిందికీ పైకీ ఉండేట్టు పేరుస్తారు. ఆ ఒక్క రాయిని ముత్తన్న పక్కకు తిప్పి పెట్టాడు. రెండు బొక్కలూ గోడలోంచి అటు నుంచి ఇటు దాకా ఉన్నాయి. ఫోర్‌మన్ కళ్ళ ముందే సిమెంటు నింపుతున్నట్టు బొక్కలో తడి ఇసక నింపి, పైన దుమ్ము పూసి ఉంటాడు. ఇప్పుడు వేలితో పొడిస్తే సిమెంటు కాదు, ఒట్టి ఇసక. జలజలా రాలిపోయింది.

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్ళు భయపెట్టేవాళ్ళు. ముత్తన్న పుణ్యమా అని ఆ గోడకు నిజంగానే వచ్చాయి. అంకాలమ్మ ఫోన్ తీసి గంగులమ్మకు ఒక్క రింగు ఇచ్చి పెట్టేసింది, గోడ దగ్గరికి రమ్మని ఇద్దరి మధ్య గుర్తు అది.

ఇల్లు లేస్తే ఇదీ ఉండదు. లోపలి నుంచి టైల్స్ వేస్తారు, మూసేస్తారు. రెండు నెలలు, మూడు నెలలు. అంకాలమ్మకు ఆ లెక్క తెలుసు. ఈ పూటకు ఉన్నది చెత్త వేసి వచ్చేంత సేపు. అవతల చెప్పుల చప్పుడు వినబడింది, ఆపైన రొప్పు.

“అక్కా? ఉండావా?”

“ఉండా.”

“పాప ఎట్లుంది?”

“బాగుంది. పాదం మానతాంది. నిన్నే అడగతాంది.”

ఆ బొక్కలోంచి గంగులమ్మ చెయ్యి మోచేతి దాకా వచ్చింది. సిమెంటుకు గీరుకుని, బొటనవేలికి ఆముదం రాసుకుని ఉంది. గాల్లో అటూ ఇటూ తడిమింది. అంకాలమ్మ ముందుకు వంగి, కణతను ఆ వేలి కిందికి తెచ్చింది.

“ఈ పక్కనా అక్కా, ఆ పక్కనా?”

“రెండు పక్కలా నొస్తాందిమే” అంది అంకాలమ్మ, నుదురు రాతికి ఆనించి.